ఆ పుస్తకం ఎవడు రాశాడో ముందు చూడండి

ఈసారి ఆటల శీర్షికకు వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు, వాయిస్ మెసేజ్‌లు అన్నీ కలిపి చూస్తే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్ళంతా ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ మీదే పడ్డట్టున్నారు. అదీ ఏ కత్తి మంచిది, ఏ బాస్‌ని ఎలా కొట్టాలి అని కాదు, ఆ ఆటలో దేవుళ్ళ గొడవ. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. 2014 ఏప్రిల్‌లో వచ్చిన ఆట ఇది, టామ్రియెల్ అనే ఖండంలో జరుగుతుంది, ఊళ్ళకు ఊళ్ళు జనం ఒకేసారి ఆడుకోవచ్చు, మోరోవిండ్ (2002), స్కైరిమ్ (2011) లాంటి ఒంటరిగా ఆడుకునే ఆటల లోకమే ఇది కూడా. మన దగ్గర దీనికి సర్వర్ లేదు, ఐరోపాలో ఉన్నదానికో అమెరికాలో ఉన్నదానికో తగులుకోవాలి, కాబట్టి పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే ఆలస్యం) గురించి ఏడుస్తూ రాసినవాళ్ళ ఉత్తరాలు పక్కన పెట్టేశాను, అందులో నేను చేయగలిగింది ఏమీ లేదు. దేవుళ్ళ సంగతికి వద్దాం.

అన్నా, హాస్టల్ రూమ్‌లో ముగ్గురం ఆడతాం. లోర్ఖాన్ అనే దేవుడు మిగతా దేవుళ్ళను మాయమాటలతో ఒప్పించి ఈ లోకాన్ని చేయించాడని, దాంతో వాళ్ళ శక్తులన్నీ పోయాయని నేను చదివాను. మా రూమ్మేట్ నార్డ్ అనే మనుషుల జాతి క్యారెక్టర్‌తో ఆడతాడు, వాడేమో లోర్ఖానే అసలు హీరో, అన్యాయం చేసింది ఎల్ఫ్‌ల దేవుళ్ళు అంటాడు. ఇద్దరికీ ఆటలోనే రుజువులు దొరికాయి. ఎవరిది కరెక్టు? — ఇంజనీరింగ్ విద్యార్థి, టెక్కలి

ఇద్దరిదీ కరెక్టే అని తప్పించుకోను గానీ, తమ్ముడూ, మీ ఇద్దరూ అడగాల్సిన ప్రశ్న అడగలేదు. నీకు దొరికిన పుస్తకం ఎవరు రాశారు, వాడికి దొరికింది ఎవరు రాశారు? ఈ ఆట తయారుచేసినవాళ్ళు లోర్‌ని, అంటే ఆ లోకపు పురాణాన్ని, పై నుంచి దేవుడు చెప్పినట్టు ఎక్కడా చెప్పరు. ప్రతి ముక్కా ఆ లోకంలో ఉండే ఎవరో ఒకరు, ఒక పూజారో, ఒక ప్రొఫెసరో, ఒక యుద్ధంలో ఓడిపోయినవాడో రాసిందే. ఎల్ఫ్‌లు తాము దేవతల సంతతి అనుకుంటారు, ఈ మట్టి లోకంలో పుట్టి చావడం వాళ్ళకు శిక్ష, కాబట్టి లోకాన్ని పుట్టించిన లోర్ఖాన్ వాళ్ళ దృష్టిలో దగాకోరు. మనుషులకు లోకం లేకపోతే తామే లేరు, అందుకే నార్డ్‌లు అతన్ని షోర్ అని పిలిచి నెత్తిన పెట్టుకుంటారు. మోనోమిత్ అని ఆటలోనే ఒక పుస్తకం ఉంది, అందులో ఈ రెండు కథలూ పక్కపక్కనే పెట్టేశారు, తీర్పు మాత్రం ఇవ్వలేదు. ముందు అది చదవండి ముగ్గురూ.

మన ప్రాంతంవాళ్ళకు ఇది అర్థం కాకపోవడం ఏమిటసలు? 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది, ఆ తర్వాత కొద్దిరోజులకే విజయరామరాజు తన గుడారంలోనే హతమయ్యాడు, ఈ మాట రెండు ఊళ్ళవాళ్ళూ ఒప్పుకుంటారు. కానీ బొబ్బిలిలో కూర్చుని వింటే అది తాండ్ర పాపారాయుడి రోషం కథ, విజయనగరంలో వింటే అన్నను యుద్ధం వద్దని బతిమాలిన పైడితల్లమ్మ కథ, బుస్సీ వెంట వచ్చిన ఫ్రెంచివాళ్ళ వైపు నుంచి వింటే మూడోది. చచ్చినవాళ్ళు మారలేదు, తేదీ మారలేదు, ఏడుపు ఎవరి ఇంట్లో వినిపిస్తోందన్నదే మారింది. లోర్ఖాన్‌ని అలా చదువు.

ఆకాశంలో కనిపించే రెండు చంద్రుళ్ళూ లోర్ఖాన్ శవమేనట, నిజమా? వీడియోలో చూశాను, రాత్రి నిద్ర పట్టలేదు. — డిగ్రీ విద్యార్థిని, నెల్లిమర్ల

నిద్ర పట్టనంత ఏముంది గానీ, ఇది గాల్లో పుట్టిన థియరీ కాదు. మోరోవిండ్ ఆటలోనే ల్యూనార్ లోర్ఖాన్ అనే చిన్న పుస్తకం ఉంది, అందులో ఒక పండితుడు మాసర్, సెకుండా అనే రెండు చంద్రుళ్ళూ లోర్ఖాన్ దేహం రెండు ముక్కలైనవే అంటాడు. లోర్ఖాన్ గుండెను మిగతా దేవుళ్ళు పెరికి విసిరేశారని, అది మోరోవిండ్ అనే ప్రాంతంలోని (ఆటకు ఆ పేరు అలా వచ్చిందే) ఎర్రకొండ దగ్గర పడిందని వేరే చోట్ల వస్తుంది కాబట్టి, గుండె కింద, ఒళ్ళు పైన అని జనం లెక్క సరిపెట్టేసుకున్నారు. లెక్క కుదిరినంత మాత్రాన నిజమైపోదు, ఆ పండితుడు చంద్రుడి మీదకు వెళ్ళి చూసి రాసింది కాదు కదా.

నాకు మాత్రం దీనికంటే పిల్లిజాతి ఖజీత్‌ల మాట రుచిగా ఉంటుంది. వాళ్ళ నమ్మకంలో పిల్ల పుట్టిన వేళకు రెండు చంద్రుళ్ళు ఏ దశలో ఉన్నాయో దాన్నిబట్టి దాని ఒళ్ళు ఉంటుంది, ఒకడు ఇంటిపిల్లి అంత చిన్నవాడు, ఇంకొకడు ఎక్కి సవారీ చేసేంత పెద్దవాడు, ఇద్దరికీ నోరుంది, బుద్ధి ఉంది. లోర్ఖాన్‌ని వాళ్ళు లోర్ఖజ్ అంటారు, వాళ్ళ కథలో అతని పాత్ర వేరేగా ఉంటుంది. ఈ ఆన్‌లైన్ ఆటకు 2019లో వచ్చిన ఎల్స్‌వెయిర్ అనే అదనపు భాగం ఆడితే అక్కడి పుస్తకాల్లో ఇవన్నీ తగులుతాయి. వీడియోలు ఆపి అవి చదువు, నిద్ర అదే పడుతుంది.

వివెక్ దేవుడా హంతకుడా? మా అన్నయ్యతో పందెం కట్టాను. — ఇంటర్ కుర్రాడు, బొబ్బిలి

పందెం ఎంతకు కట్టావో రాయలేదు, పోనీలే. ఈ ప్రశ్న కోసమే ఈ నెల శీర్షిక రాస్తున్నాననుకో.

కథ తెలియనివాళ్ళకు: మోరోవిండ్‌లో నెరెవార్ అనే నాయకుడు ఉండేవాడు. ఎర్రకొండ యుద్ధంలో, ఆ లోకపు లెక్కలో మొదటి యుగం 700వ ఏట, అతను చనిపోయాడు. అతని ముగ్గురు సలహాదారులు అల్మలెక్సియా, సోథా సిల్, వివెక్ ఆ తర్వాత లోర్ఖాన్ గుండె నుంచి శక్తి లాక్కుని బతికుండగానే దేవుళ్ళైపోయారు. ఈ ముగ్గురినీ కొలిచే గుడిలో చెప్పే కథలో నెరెవార్ యుద్ధంలో తగిలిన దెబ్బలతో పోయాడు. బూడిద నేలల్లో తిరిగే సంచార తెగలు మాత్రం ఆ ముగ్గురే చంపేశారని తరతరాలుగా చెప్పుకుంటాయి, అలా చెప్పినందుకు గుడివాళ్ళ చేతిలో నానా బాధలూ పడతాయి. మోరోవిండ్ ఆటలో వివెక్‌నే ముఖాముఖి అడిగితే ఆయన కూడా గుడి మాటే చెప్తాడు.

ఇక్కడి వరకు ఇది ఒకరి మాట మీద ఇంకొకరి మాట. అసలు మజా ముప్పైఆరు పాఠాల్లో ఉంది. వివెక్ తన గురించి తానే రాసుకున్న ఈ ముప్పైఆరు చిన్న పుస్తకాలు ఆటంతా చెల్లాచెదురుగా పడి ఉంటాయి. చదివితే తల తిరుగుతుంది, సగం కవిత్వం, సగం పిచ్చి, ఒకచోట తాను గుడ్డులోంచి ఎలా పుట్టాడో చెప్తాడు, ఇంకోచోట రాక్షసులతో పెళ్ళి. చాలామంది రెండు పేజీలకే మూసేస్తారు. అయితే ఇరవైతొమ్మిదో పాఠంలో ఏ సంబంధం లేనట్టు కొన్ని అంకెల జాబితా ఇస్తాడు. ఆ అంకెల్ని వరుసగా పాఠాలకు అంటించి, ఒక్కో పాఠంలో అన్నో మాట ఏదో లెక్కపెట్టి తీస్తే, తీసిన మాటలన్నీ కలిసి సుబ్బరంగా ఒక ఒప్పుకోలు అవుతుంది: అతను దేవుడిగా పుట్టలేదు, విధి నెట్టింది కాదు, తన ఇష్టప్రకారమే ఈ దారి పట్టాడు, దైవత్వం దొంగిలించాడు, నాయకుణ్ణి చంపాడు, ఇది రాసింది వివెక్. గుడికి వచ్చే ప్రతి భక్తుడి చేతిలోనూ పెట్టిన పుస్తకంలోనే నేరం ఒప్పుకుని కూర్చున్నాడన్నమాట, చదివే ఓపిక ఉన్నవాడికి తెలుస్తుంది, లేనివాడు దండం పెట్టి పోతాడు.

ఫ్యాన్ థియరీ అంటే ఇలా ఉండాలి. ఎవడికి వాడు వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు, తప్పయితే అక్కడే తేలిపోతుంది. మీ అన్నయ్య నిన్ను నమ్మకపోతే పుస్తకాలు ముందేసి కూర్చోబెట్టు.

అయినా పందెం నువ్వు గెలిచావని మాత్రం రాయను. ఆ ఒప్పుకోలు రాసింది కూడా వివెక్కే కదా. తన గురించి అబద్ధాలు రాసుకోవడంలో ఆరితేరినవాడు, ఈ ఒక్కటీ నిజం రాశాడని పూచీ ఎవరిస్తారు? నా మటుకు నేను చంపాడనే నమ్ముతాను. ఆన్‌లైన్ ఆటకు 2017లో వచ్చిన మోరోవిండ్ భాగంలో నువ్వు వివెక్ ఇంకా దేవుడిగా ఉన్న కాలానికే వెళ్తావు, అతని పేరు మీద నగరం ఇంకా కడుతుంటారు, వివెక్ నేలకు తగలకుండా కాళ్ళు మడుచుకుని గాలిలో తేలుతూ కూర్చుని ఉంటాడు, ఒళ్ళు నిలువునా సగం బంగారు రంగు, సగం బూడిద రంగు. శాపంతో జాతి మొత్తం బూడిద రంగైపోయినప్పుడు ఇతను పాత రంగు సగం ఉంచుకున్నాడు. ఎదురుగా నిలబడి ఆ రెండు సగాల మధ్య గీత చూస్తూ మాట్లాడు, అతను చెప్పే తియ్యటి కబుర్లు వేరేగా వినిపిస్తాయి.

మరుగుజ్జులు అందరూ ఒక్క క్షణంలో మాయమైపోయారు కదా, ఎక్కడికి పోయారు? — ప్రైవేటు ఉద్యోగి, చీపురుపల్లి

డ్వెమర్‌ల గురించి. పొట్టివాళ్ళేం కాదండీ, వాళ్ళూ ఎల్ఫ్‌లే, పేరు అలా పడిపోయింది. పైన చెప్పిన ఎర్రకొండ యుద్ధంలోనే వాళ్ళ మేధావి కాగ్రెనాక్ తన పనిముట్లతో లోర్ఖాన్ గుండెను కదిపాడు, జాతి మొత్తం ఎక్కడివాళ్ళు అక్కడే మాయం. వేరే లోకానికి పోయారని, బూడిదయ్యారని, వాళ్ళు కట్టిన నుమిడియం అనే ఇత్తడి మహాయంత్రం చర్మంగా మారారని థియరీలు. మోరోవిండ్ ఆటలో బతికి మిగిలిన ఒకే ఒక్కడు, యాగ్రమ్ బగార్న్, తగులుతాడు. అప్పుడు తాను వేరే లోకంలో ఉన్నానంటాడు, తిరిగి వచ్చి చూస్తే ఎవరూ లేరట, అతనికీ తెలియదు. ఇన్నేళ్ళైనా కంపెనీ జవాబు చెప్పలేదు, చెప్పదు కూడా. చెప్పిన మరుక్షణం ఆ శిథిలాల్లో తిరగడంలో ఉన్న మజా సగం పోతుంది, వాళ్ళకు ఆ మాత్రం వ్యాపారం తెలుసు.

బాబూ, మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రిళ్ళు ఈ ఆటే. మొన్న ఫోన్‌లో ఎవరితోనో మోలాగ్ బాల్‌కి ఆత్మ ఇచ్చేశాను, పదహారుమంది రాక్షస రాజులు అని మాట్లాడుతుంటే నాకు ఒకటే టెన్షన్. ఇది దయ్యాల పూజేమైనా అంటారా? — ఒక తల్లి, నరసన్నపేట

పూజ కాదమ్మా, భయపడకండి. ఆట అసలు కథ మొదట్లోనే మోలాగ్ బాల్ అనేవాడు ఆటగాడి ఆత్మ లాగేసుకుంటాడు, దాన్ని వెనక్కి తెచ్చుకోవడమే పెద్ద కథ. అంటే మీ అబ్బాయి ఆ రాక్షసుడి మీద యుద్ధం చేస్తున్నాడు, వాడికి కొబ్బరికాయ కొట్టడం లేదు. వాళ్ళను కొలిచే మనుషులు ఆటలో ఉంటారు గానీ వాళ్ళలో ఎక్కువమంది గతి ఎలా ఉంటుందో చూస్తే ఎవరూ ఆ దారి పట్టరు.

మీరు అడగని రెండు విషయాలు చెప్తాను, నిజానికి చూసుకోవాల్సినవి అవే. ఈ ఆట అమెరికాలో పదిహేడేళ్ళు నిండినవాళ్ళకని, ఐరోపాలో పద్దెనిమిది నిండినవాళ్ళకని ముద్ర వేసి అమ్ముతారు, రక్తం, నరుకుళ్ళు ఉంటాయి. రెండోది, క్రౌన్ క్రేట్లని పెట్టెలు ఉంటాయి, డబ్బు పెట్టి కొనాలి, లోపల ఏమొస్తుందో తెరిచేదాకా తెలియదు. ఇంట్లో యూపీఐ పిన్ గానీ కార్డు నంబరు గానీ అబ్బాయికి తెలిస్తే ముందు అది మార్చండి. దేవుళ్ళ గురించి ఆ అబ్బాయి చదివేదంతా ఇంగ్లీషే, పేజీలకు పేజీలు, అదీ పాతకాలపు ఇంగ్లీషు, ఎవరూ బలవంతపెట్టకుండా చదువుతున్నాడు. పరీక్షలప్పుడు మాత్రం లాప్‌టాప్ మీ గదిలో పెట్టుకోండి, ఆ విషయంలో నేను మీ వైపే.

ఆటలో తాలోస్ గుడి ఒక్కటీ కనపడదేం? స్కైరిమ్‌లో తొమ్మిదిమంది దేవుళ్ళన్నారు, ఇక్కడ ఎనిమిదిమందే. మర్చిపోయారా? — ఆమదాలవలస

పుట్టలేదు. స్కైరిమ్‌కు దాదాపు వెయ్యేళ్ళ ముందు కథ ఇది, రెండో యుగం 582. తాలోస్ ఆ తర్వాత మనిషిగా పుట్టి, చక్రవర్తై, పోయాక దేవుడయ్యాడు. పుట్టనివాడికి గుడి ఎలా కడతారు.

సార్, 2024లో ఇథేలియా అని కొత్త దేవతను తెచ్చారు. ఎప్పటినుంచో ఉందట, హెర్మేయస్ మోరా అనే రాక్షస రాజు అందరి జ్ఞాపకంలోంచి తుడిచేశాడు కాబట్టి పాత ఆటల్లో ఎక్కడా పేరు లేదట. ఇది మోసం కాదా? ఇలాగైతే రేపు ఏదైనా తెచ్చి 'మీరు మర్చిపోయారు' అంటారు. — సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇచ్ఛాపురం

మోసం అన్నమాట పెద్దది గానీ, చిరాకు న్యాయమే. కొత్త సరుకు అమ్మాలి, పాత పుస్తకాల్లో దానికి చోటు లేదు, కాబట్టి జ్ఞాపకాల్నే తుడిచేశామన్నారు. ఆమె వచ్చిన గోల్డ్ రోడ్ భాగం ఆడితే పనితనం బాగానే ఉంది, అంతకుముందు ఏడాది నెక్రోమ్ అనే భాగంలో హెర్మేయస్ మోరాను, అంతులేని అతని గ్రంథాలయాన్ని చూపించి ఉండటం వల్ల, రహస్యాలు కూడబెట్టేవాడు ఒక రహస్యాన్ని దాచాడంటే నమ్మబుద్ధవుతుంది. కానీ థియరీలు కట్టేవాళ్ళకు ఇది చెడ్డ అలవాటు నేర్పుతుంది. రుజువు లేదేం అంటే 'మోరా తుడిచేశాడు' అంటారు. రుజువు లేకపోవడమే రుజువైన చోట ఇక వాదించడానికి ఏముంటుంది?

ఈ వంకర కొత్తదేం కాదు లెండి. 1996లో డాగర్‌ఫాల్ అనే ఆటకు ఒకదానితో ఒకటి పొసగని ముగింపులు చాలా పెట్టారు. తర్వాత ఆట తీసేటప్పుడు ఏ ముగింపు నిజమని తీసుకోవాలి? కాలమే విరిగింది, అన్నీ ఒకేసారి జరిగాయి అనేశారు. దాన్నే డ్రాగన్ బ్రేక్ అంటారు. అదీ తప్పించుకోవడమే, కానీ అందులో తెగువ ఉంది. ఆడినవాళ్ళలో ఏ ఒక్కరి ముగింపూ పారేయకుండా అన్నిటికీ చోటిచ్చింది. ఇథేలియా వచ్చాక మనకు కొత్తగా చోటు దొరకలేదు, కంపెనీకి దొరికింది. ఈ విషయంలో మీతోనే ఉన్నాను.

ఆల్డుయిన్ అనే డ్రాగన్, అకటోష్ అనే దేవుడు ఒకడేనా? థియరీ రాశాను, మైఖేల్ కిర్క్‌బ్రైడ్ రాతల్ని రుజువుగా పెట్టాను. మా గ్రూపులో 'అవి చెల్లవు' అంటున్నారు. — రాజాం

కిర్క్‌బ్రైడ్ మోరోవిండ్ రచయితల్లో ఒకడు, పైన చెప్పిన ముప్పైఆరు పాఠాలు ఆయనవే. కంపెనీ నుంచి బయటకు వచ్చాక కూడా ఈ లోకం గురించి నెట్‌లో రాస్తూ వచ్చాడు, అవి ఆటలో లేవు. చెల్లుతాయా లేదా అని కొట్టుకునేవాళ్ళు కొట్టుకోనీ. నువ్వు థియరీలో ఆటలో ఉన్న పుస్తకాన్ని ఒక రంగులో, బయటి రాతను ఇంకో రంగులో పెట్టు, బయటివన్నీ తీసేసినా థియరీ నిలబడుతుందో లేదో చూసుకో. నిలబడితే అవి నగలు, లేకపోతే అవే గోడలు. గోడలైతే మీ గ్రూపువాళ్ళు అంటున్నది నిజమే.

ఇక నువ్వు కట్టిన థియరీ మీద కొట్లాట స్కైరిమ్ ఆటలో ఎప్పుడో జరిగిపోయింది, గమనించావా? అకటోష్ గుడి ప్రధాన పూజారి ఒకాయన, నార్డ్‌లు భయపడే ఆల్డుయిన్ అనే డ్రాగన్ నిజానికి అకటోషేనని, పామరులు తప్పుగా చెప్పుకుంటున్నారని మహా పండితుడిలా పుస్తకం రాస్తాడు. దానికి జవాబుగా ఒక పల్లెటూరి నార్డ్, థ్రోమ్‌గర్ ఐరన్‌హెడ్, అక్షరదోషాలతో నిండిన ఇంకో చిన్న పుస్తకం రాస్తాడు. ఆల్డుయిన్ నిజంగా ఉన్నాడు, అకటోష్ వేరు, ఆల్డుయిన్ వేరు అని. స్కైరిమ్ కథలో ఆ డ్రాగన్ నిజంగానే వచ్చి ఊళ్ళు తగలబెడుతుంది. డిగ్రీలున్న పూజారి మాట కంటే చిన్నప్పటి నుంచి విన్న కథను నమ్ముకున్న మొరటువాడి మాటే నిజానికి దగ్గరగా వచ్చింది. అయితే అదే ఆటలో ఆల్డుయిన్‌ని అకటోష్ మొదటి బిడ్డ అని కూడా అంటారు, కాబట్టి పూజారి పూర్తిగా మునగలేదు. నీ థియరీని అక్కడి నుంచి మొదలుపెట్టు.

లోర్ పుస్తకాలు ఎక్కడ మొదలుపెట్టాలి? ఊరికే చదవడం బోరు. — పలాస

ఆటలో మేజెస్ గిల్డ్ (మంత్రగాళ్ళ సంఘం)లో చేరండి. అక్కడ లెవెల్ పెరగాలంటే శాలిడోర్ గ్రంథాలయం పుస్తకాలు వెతికి పట్టుకోవాలి, ఊళ్ళలో, గుహల్లో, ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, ఒక్కోటి దొరికితే కొంచెం పెరుగుతుంది, కాబట్టి బోరు కొట్టదు. ఆట తయారుచేసినవాళ్ళు వెబ్‌సైట్‌లో లోర్‌మాస్టర్స్ ఆర్కైవ్ అని ఒక శీర్షిక నడిపారు, ఆటగాళ్ళ ప్రశ్నలకు ఆ లోకంలోని పాత్రలే జవాబు చెప్తాయి, ఒక పాత్రకు తెలియనిది తెలియదనే అంటుంది, నచ్చనిదాన్ని తిడుతుంది. అవీ చదవండి. డౌన్‌లోడ్ వంద జీబీకి పైనే ఉంటుంది, రాత్రి పెట్టి పడుకోండి, కరెంటు పోతే మాత్రం నాకు రాయకండి.